కత్తిరింపుల నాటి ఏరు

ఏలియా పొద్దున లేవగానే చేసే పని కత్తెర నూరడం. చాయ్ కూడా ఆ తర్వాతే. తుక్కుగూడ తోవలో మిగిలిన ఒకే ఒక్క ద్రాక్షతోటలో ఇరవై ఏళ్లుగా కొమ్మలు కత్తిరించేది అతనే. దసరా పోయిన వారానికి కత్తిరింపు. కోసిన కొమ్మ కొసన నీళ్లు కారడం ఏ ద్రాక్షకైనా ఉన్నదే. ఈ తోటలో మాత్రం జర ఎక్కువ. పాదులు నిండి, కాలువ నిండి, మధ్యాహ్నానికల్లా సర్వీసు రోడ్డు మీద గగన్‌పహాడ్ దాకా నిండు ఏరు పారుతుంది. ఆటోవాళ్లు గొణుక్కుంటూ బండ్లు పక్కకు పెట్టుకుంటారు. ఆ ఏటి మీద రెండంతస్తుల తెల్లపడవ వస్తుంది.

ద్రాక్ష పండే దేశాలన్నీ చూసుకుంటూ, ఊరూరా ఆగుతూ తిరిగే యాత్రికుల పడవ అది. గైడు రవీందర్ వాళ్లలో కొందరిని చర్చికి, కొందరిని కల్లు కాంపౌండుకు, కొందరిని తోటకు తోలుకుపోతాడు. దారి పొడుగునా ఖరీదైన ద్రాక్షసారా తాగొచ్చిన పెద్దమనుషులు కల్లు రుచి చూసి కాంపౌండు విడిచి రామంటారు.

ఏలియాకు ఆ పడవలో లెక్క ఒక్క మనిషే, లీలమ్మ. అత్తాపూర్ ఆమె. భర్త పోయినంక వంటమనిషిగా పడవెక్కి పదకొండేళ్లు. ఏటా ఈ ఒక్క పూట టిఫిన్‌డబ్బా పట్టుకుని పందిరి కింద కూర్చుంటుంది. అతను కోస్తుంటే ఆమె చెప్తుంది. పడవ తిరిగే చలిదేశాల్లో ఈ నెలలోనే పండ్లు తెంపుతారట, తర్వాత మంచు పడి తీగెలు నిద్రపోతాయట. ఇక్కడ మంచెక్కడిది, కత్తెర వేస్తేనే తీగెకు తెలివొస్తదంటాడు ఏలియా. పదకొండేళ్లుగా ఇదే ముచ్చట. అతని కడుపులో ఉన్న అసలు మాట మాత్రం ఒక్కనాడూ బయటికి రాదు. ఏం మనిషో ఏమో!

ఈ ఏడు తోట అమ్ముడుపోయింది. వచ్చే సోమవారం జేసీబీ వస్తుంది. పీకేసే తోటకు కత్తిరింపేందని యజమాని రామచంద్రయ్య నవ్వాడు. ఏలియా తల వంచుకుని కత్తెర పట్టాడు. కోయకుంటే నీళ్లు రావు, నీళ్లు లేకుంటే పడవ రాదు, పడవ రాకుంటే లీలమ్మ రాదు. వచ్చే ఏడు కోయడానికి తీగెలే ఉండవు. ఆ మాట చెప్తే ఇవాళే చెప్పాలి.

పడవ వచ్చింది. లీలమ్మ వచ్చింది, చేపల పులుసు తెచ్చింది. తోట సంగతి చెప్తే తెలుసన్నది, అంతే. ఏలియా ఒక్కో కొమ్మ దగ్గర ఆగి ఆగి కోశాడు. మాట గొంతు దాకా వచ్చేది, పైన విమానం పోతుంటే ఆగేది, మళ్లీ లోపలికే పోయేది. పడవ కూత వేసింది. రవీందర్ అందరినీ పోగేశాడు.

"పో లీలమ్మా, పడవ పోతది," అన్నాడు ఏలియా. చూడండి, తీరా నోరు తెరిచి అన్నది ఇదీ.

రెండో కూత పడింది. ఆమె లేవలేదు, డబ్బా గిన్నెలు ఒక్కొక్కటే కడుగుతున్నది. కోసిన కొసలు ఎండుతున్నాయి, కాలువలో నీళ్లు తగ్గుతున్నాయి. మూడో కూతతో పడవ కదిలి, ఉన్న నీళ్ల వెంబడే గగన్‌పహాడ్ వైపు జారిపోయింది. వెనకాలే రోడ్డు తేలింది, ఆటోలు స్టార్టయ్యాయి.

ఏలియా పోతున్న పడవను చూశాడు. తనవల్లే ఆమె పని పోతుందనుకున్నాడు. మూలన ఇంకొక్క తీగె కోయకుండా మిగిలింది. అటు ఉరికాడు.

"ఉండు, ఇది కోస్తే జర నీళ్లొస్తయ్. పడవను వెనక్కి పిలుస్త."

ఆమె ఉండాలని పదకొండేళ్లుగా కోరుకున్నవాడు, ఆమెను పంపడానికే కత్తెర ఎత్తాడు. కళ్లు నిండి కొమ్మ సరిగ్గా కనబడలేదు. లీలమ్మ వచ్చి అతని మణికట్టు పట్టుకుంది.

"కోయకు."

"మరి నీ సామాను?"

"గేటు కాడ ఉన్నది. తోట అమ్మిండ్రని రవీందర్ చెప్పిననాడే సదురుకున్న. నువ్వు అంటవేమోనని ఏటేటా చూసిన ఏలియా. నువ్వు అనవు. ఇగ నేనే దిగిన."

ఏలియా కత్తెర కింద పెట్టి ఆమెకేసి తిరిగాడు. పదకొండేళ్ల మాట అప్పుడు బయటికి వచ్చింది.

"ఉండిపో లీలమ్మా."

"ఉన్న గద," అన్నది లీలమ్మ.