ఎల్బియో దాచిన మోకాలు

ఇప్పుడు మా క్లబ్బులో కోచ్ ఎల్బియో మోకాలు చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఫుట్‌బాల్ ఆటగాళ్లకు మాలిష్ చేస్తూ ముప్పై ఏళ్లుగా మోంతెవిదేయోలో ఈ చెమటకంపు గదిలోనే పడి ఉన్నాను. అతను మా తరఫున ఆడిన ఫైనల్ రోజు డాక్టరు సూది పొడుస్తుంటే ఆ కాలు కదలకుండా పట్టుకున్నవి ఈ చేతులే. నొప్పి తెలియకుండా ఆడాడు, గోలు కొట్టాడు, కప్పు తెచ్చాడు. ఆ మోకాలితో మళ్లీ ఆడలేదు. అప్పటికి ఇరవై ఆరేళ్లు. క్లబ్బు అధ్యక్షుడితో గొడవపడి ఆట మానేశాడని అందరికీ చెప్పుకున్నాం.

గోలు ఫొటో గోడమీదికి ఎక్కింది, మోకాలు ప్యాంటు కిందకి పోయింది. కోచ్ అయ్యాక, మాకు నడివేసవైన జనవరి మండుటెండలో కూడా నిక్కరు వేసుకోడు. ఎప్పుడూ ఇస్త్రీ ప్యాంటులోనే ఉంటాడని కుర్రాళ్లు వెనకాల పెళ్లికొడుకని నవ్వుకుంటారు. తన ఆటగాళ్లెవరికీ సూది పొడవనివ్వనని నాకు మాత్రం ఒట్టేసి చెప్పాడు. ఇరవై ఏళ్లలో ఏడు క్లబ్బులు మారాడు. మాట తప్పలేదు, అందుకే ఎక్కడా నిలవలేదు.

చివరికి మా దగ్గరికే వచ్చాడు. ఈసారి ఆఖరి ఆట ఓడితే రెండో డివిజనుకి దిగిపోతాం, ఎల్బియోకి ఇంకో క్లబ్బు దొరకదు. ఆ ఆదివారం పొద్దున వెనకవరసలో ఆడే ఫాబ్రిసియో మోకాలు రొట్టెలా ఉబ్బింది. డాక్టరు సూది తీశాడు. మేమంతా పంచుకుని తాగే మాతే ఆకుల కషాయం బుర్ర చేతులు మారుతూ, అందరూ ఒకే గొట్టంతో పీల్చాక, ఫాబ్రిసియో చేతికొచ్చి ఆగింది. వాడు గోడమీది ఫొటో వైపు చూశాడు.

"ఆ రోజు మీరూ వేయించుకున్నారంట కదా మాస్టారూ. మీకేమైంది?"

ఇప్పుడు ప్యాంటు పైకి లాగుతాడనుకున్నాను. ఎల్బియో నా వైపు కూడా చూడలేదు.

"నీ ఇష్టంరా," అన్నాడు.

సిగ్గులేని మనిషిని, నేనూ నోరు మెదపలేదు. క్లబ్బు మునిగితే నా పనీ పోతుంది. ఫాబ్రిసియో కాలు గట్టిగా పట్టుకున్నాను.

ఒక్క గోలు తేడాతో గెలిచాం. చివరి నిమిషంలో గోల్ గీత మీద బంతిని ఆపింది వాడే. ఆపి, ఇక లేవలేదు. భుజాల మీద మోసుకెళ్తుంటే నవ్వుతున్నాడు, సూదిమందు మత్తు ఇంకా దిగలేదు.

మంగళవారం ఆస్పత్రికి వెళ్లాం. కర్ర లేకుండా నడిస్తే అదే గొప్పని అక్కడివాళ్లు అప్పటికే వాడికి చెప్పేశారు. ఎల్బియో కుర్చీ లాక్కుని మంచం పక్కన కూర్చున్నాడు. వంగి ప్యాంటు పైకి లాగాడు. వంకరపోయిన ఎముక, వరసగా పాత కుట్లు. ఫాబ్రిసియో మోచేతుల మీద లేచి చూశాడు.

"ఆదివారం చూపించాల్సింది మాస్టారూ."

ఎల్బియో ప్యాంటు కిందకి లాక్కున్నాడు. వాడు నా వైపు తిరిగాడు.

"నీకు తెలుసా పెద్దాయనా?"

ఆ రెండు కాళ్లనూ పట్టుకున్న చేతులు జేబుల్లో పెట్టుకున్నాను.