ఆకుపచ్చ దారం

ఇస్త్రీ పెట్టె మూత తెరిచి, బొగ్గుల మీది బూడిద ఊది, మళ్ళీ మూసింది ఆమె. అడుగుకు తడి వేలు తాకించగానే చుయ్యిమంది. మెట్ల కింద గూడులాంటి ఆ కొట్టు రెండు వీధులు కలిసే మూల మీద ఉంది. పై వీధిలోనూ మత్తుపొడి వ్యాపారమే, కింది వీధిలోనూ అదే. ఎదురుపడితే కత్తులు దూసే ఆ మనుషులు చొక్కా మడత దగ్గర మాత్రం కొత్త పెళ్ళికొడుకుల్లా పేచీ పెట్టేవారు. ఒకరి చొక్కా ఇంకొకరికి వెళ్తే తన కొంప మునుగుతుందని, పై వీధివాళ్ళ కాలర్ లోపల ఎర్రదారం, కింది వీధివాళ్ళకు నల్లదారం కుట్టేది. తమ్ముడు పై వీధివాళ్ళ బండి నడుపుతాడు. అయినా వాడి చొక్కాలకు ఆకుపచ్చ దారం కుట్టింది, వాడు ఏ వీధికీ చెందకూడదని.

వాడికి బడి బస్సు నడిపే పని ఇప్పించమని ఆమె ఎంతమందినో బతిమాలింది. చివరికి ఈ రోజు రమ్మన్నారు. మధ్యాహ్నానికి వచ్చి తెల్లచొక్కా తొడుక్కుని వెళ్తానన్నాడు తమ్ముడు. నిన్న సాయంత్రం నీలంచొక్కాలో బండెక్కుతున్నవాణ్ణి, అందాకా జాగ్రత్తరా అంటే నవ్వాడు.

"వాళ్ళిద్దరూ కొట్టుకు చస్తున్నారక్కా. మధ్యలో నన్నెవడు పట్టించుకుంటాడు?"

తెల్లచొక్కాను ముందే ఇస్త్రీ చేసి, కాలర్ నిలబడేలా పై గుండీ పెట్టి, గోడమేకుకు తగిలించింది.

రెండు పక్షాలూ ఒకరినొకరు ఏరిపారేసుకుంటున్న రోజులవి. ఇస్త్రీకిచ్చిన బట్టల కోసం మనుషులు తిరిగి రావడం లేదు. పోయిన వారం ఎదురు మేడలో కొత్తగా దిగిన పెద్దాయన ఆ చొక్కాలన్నీ అడిగి పట్టుకెళ్ళాడు. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడని మనిషి. రెండు వీధులవాళ్ళకూ నమస్కారం పెట్టేవాడు. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చిందని ఊరికే అనలేదు.

చచ్చిపోయిన ఒకతని గళ్ళచొక్కా ఈ ఉదయం వీధిలో నడిచి వెళ్ళింది. ఆమె పెట్టె ఆపి చూసింది. చొక్కా ఇటు తిరిగింది. లోపల వేరే ముఖం.

మధ్యాహ్నం దాటింది. తమ్ముడు రాలేదు. పెద్దాయన వచ్చాడు, చంకలో మూటతో. ఇస్త్రీ అయ్యేదాకా కూర్చుని తీసుకెళ్తానమ్మా అని మెట్టు మీద చతికిలపడ్డాడు.

ఒక్కొక్కటే పరిచింది. కాలర్లలో దారాలు ఊడదీసి ఉన్నాయి. సూది చిల్లులు మాత్రం మిగిలాయి. కొన్నిట్లో ఎర్రపోగు, కొన్నిట్లో నల్లపోగు. ఎంత ఉతికినా సరే, వేడి తగిలితే బట్ట తన మనిషిని బయటపెడుతుంది. ఒకదాంట్లోంచి చుట్టవాసన లేచింది. ఇంకోదాంట్లోంచి అత్తరు. నీలంచొక్కా మీద పెట్టె ఆనించగానే డీజిలు, దానితోపాటు తమ్ముడి తలనూనె వాసన గుప్పుమంది. కాలర్ తిప్పి చూసింది. చిల్లులో ఆకుపచ్చ పోగు.

ఆమె పెట్టె తీసి పక్కన పెట్టింది.

"ఇది మా తమ్ముడిది."

"తెలుసమ్మా. అందుకే ఉతికించి తెచ్చాను."

వాడెక్కడ అన్నట్టు ఆమె తల ఎత్తి చూసింది. ఆయన ముఖంలో కోపం లేదు, జాలి కూడా లేదు. ఆ చొక్కా ఒక్కటీ తనకు వదిలేయమంది.

"రేపటి నుంచి మా కుర్రాడు వేసుకోవాలమ్మా," అన్నాడు మెల్లగా. "ఇకమీదట దారాలు కుట్టకు. ఇప్పుడు రెండు వీధులు లేవు."

ఆమె నీలంచొక్కా చేతులు లోపలికి మడిచింది, నిద్రపోతున్న పిల్లాడి చేతులు సర్దినట్టు. మీద చెయ్యి వేసి కాసేపు ఉంచింది. ఆయన తొందరపెట్టలేదు. ఆమె చెయ్యి తీశాక మూట కట్టుకుని, వస్తానమ్మా అని చెప్పి వెళ్ళాడు.

సాయంత్రానికి పెట్టెలో బొగ్గులు చల్లారాయి. గోడమేకుకు తెల్లచొక్కా అలాగే ఉంది, పై గుండీ పెట్టి, ఎక్కడా మడత చెదరకుండా.