చివరి గ్రేడుకు ఒక పిల్లవాడు

హూడిలో ఒక స్కూలు తొమ్మిదో తరగతి పిల్లలకు మేనేజ్‌మెంట్ నేర్పిస్తుంది. మీసాలు రాకముందే మేనేజర్లు కావాలట. పుట్టి బుద్ధెరిగి తమ లంచ్ బాక్స్ తాము కడుక్కోని పిల్లలంతా అయిదుగురేసి జట్టుకట్టి కంపెనీలు పెట్టాలి. ఒకరు సీఈవో, ఒకరు మార్కెటింగ్ హెడ్, ఇలా తలొక కుర్చీ ఎక్కాలి. వార్షికోత్సవం నాడు స్టేజీ మీద తమ కంపెనీ గొప్పలు చెప్పుకోవాలి. వీళ్ళకు పాఠం చెప్పడానికి తల్లిదండ్రుల్లో ఎవరైనా రావాలని కోఆర్డినేటర్ హేమంత్‌కుమార్ వాట్సాప్‌లో అడగ్గానే, అందరికన్నా ముందు చెయ్యెత్తింది కాత్యాయని.

ఎత్తదా మరి. ఆమె ఒక ఐటీ కంపెనీలో హెచ్ఆర్ మేనేజర్. మనుషుల్ని తీసుకోవడంలో సంగతేమో గానీ, తీసెయ్యడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. ఆమె గదిలోకి వెళ్ళి ఉద్యోగం పోగొట్టుకున్నవాడు కూడా లేచి 'థాంక్యూ మేడమ్' అనే బయటికి వస్తాడని ఆఫీసంతా చెప్పుకుంటారు.

అయితే ఆమె చెయ్యెత్తింది విద్యాదానం కోసమేం కాదు, కొడుకు కోసం. దీపక్ ఆ ఏడే కాడుగోడి స్కూలు నుంచి ఇక్కడ తొమ్మిదో తరగతిలోకి మారాడు. నోట్లో నాలుక లేని పిల్లవాడు. సగం ఏడు గడిచినా ఒక్క స్నేహితుడు లేడు. లంచ్‌లో మెట్ల మీద ఒంటరిగా కూర్చుని తింటున్నాడని తెలిసిన రోజు ఆమె ఆఫీసులో ఎవరినీ తీసెయ్యకుండానే ఇంటికొచ్చేసింది. వాడు ఏదో ఒక టీములో పడాలి, నలుగురితో కలిసి స్టేజీ ఎక్కాలి. అదే ఆమె పట్టు.

శనివారం క్లాసులో కాత్యాయని విజృంభించింది. అమ్మ పాఠం చెబుతుందంటే సిగ్గుపడి దీపక్ ఆ రోజు స్కూలుకే రాలేదు. ప్రతి టీమూ తనలో ఒకరికి చివరి గ్రేడు ఇచ్చి తీరాలనీ, ఆ ఒకరూ బయటికి పోతే మిగిలిన నలుగురే స్టేజీ ఎక్కాలనీ చెప్పింది. అది ఆమె ఆఫీసు రూలు, దాన్నే అక్కడ 'కర్వ్' అంటారు. హేమంత్‌కుమార్ పులకించిపోయి అక్కడికక్కడే దాన్ని స్కూలు రూలు చేసేశాడు.

"అందరూ బాగా చేసినా ఒకరిని తీసెయ్యాలా ఆంటీ?" అని అడిగింది ముందు బెంచీలో ఉన్న సమీనా.

"తీసెయ్యాల. మనిషి మీద కోపం కాదమ్మా అది. కర్వ్ అంతే."

"ఫ్రెండ్స్ మధ్యలో గొడవలొస్తాయి కదా ఆంటీ."

అక్కడ ఆగిపోయినా బాగుండేది. ఆగితే కాత్యాయని ఎందుకవుతుంది? గొంతు తగ్గించి, తెలివైన మేనేజర్లు చేసే పని కూడా చెప్పేసింది. ఎవరికీ అక్కర్లేని కొత్తవాణ్ణి ఒకణ్ణి మొదట్లోనే టీములోకి తీసుకుంటారు. ఏడాది చివర చివరి గ్రేడు వాడికి కట్టబెడతారు. పాత జట్టు చెక్కుచెదరదు. జాతరకు ముందే మేకను కొని మేపుకోవడమన్నమాట, కాకపోతే ఆమె దానికి ఇంగ్లీషులో ముద్దైన పేరేదో చెప్పింది. తీసేసేటప్పుడు తలుపు వెయ్యాలి, మంచినీళ్ళు, టిష్యూ పెట్టె దగ్గరుంచుకోవాలి, ముందు 'ఎలా ఉన్నారు' అని అడగాలి, చివర 'టచ్‌లో ఉందాం' అనాలి అని కూడా నేర్పింది. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు.

సోమవారం దీపక్ ఇంటికి పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మా, సమీనా వాళ్ళు నన్ను టీములోకి పిలిచినారు. అందరికన్నా ముందు నన్నే."

కాత్యాయనికి ఏనుగెక్కినంత సంబరం. అపార్ట్‌మెంటులో ఇంటింటికీ మైసూర్‌పాక్ పంచింది. భర్త తిరుపాలు ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు.

"క్లాసులో అంతమంది ఉండారు కదా, వీడినే ఎందుకు పిలిచినారబ్బా?"

"నా కొడుకని పిలిచినారు. నీ నోట్లోంచి మంచి మాటే రాదు కదప్పా."

వాళ్ళ కంపెనీ సరుకు రాగిజావ. దానికి 'ప్రాచీన శక్తి పానీయం' అని పేరు పెట్టి, లోగో కోసం నలుగురు బాసులూ వారం రోజులు కొట్టుకున్నారు. రాగులు పట్టించిందీ, జావ కాచిందీ, క్యాన్లు మోసిందీ దీపక్. అయినా వాడి మొహం వెలిగిపోయేది. లంచ్‌లో ఆ నలుగురి మధ్య కూర్చునేవాడు. ఇంటికొచ్చి వాళ్ళ జోకులన్నీ తల్లికి చెప్పి, చెప్పేలోపే తానే నవ్వేసేవాడు. ఆ నవ్వు విని కాత్యాయని వాడికి నీలం బ్లేజర్ కుట్టించింది, కదిరి నుంచి చుట్టాలను రమ్మంది.

వార్షికోత్సవానికి ముందురోజు మధ్యాహ్నం, స్టేజీ ఎక్కే పిల్లల పేర్లు వాట్సాప్‌లో వచ్చాయి. దీపక్ పేరు లేదు.

ఆఫీసు వదిలేసి స్కూలుకు పరుగెత్తింది. దీపక్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వాడిని దాటుకుని క్లాసులోకి దూసుకెళ్ళింది. లోపల నలుగురూ రిహార్సల్‌లో ఉన్నారు. సమీనా తొణకలేదు. వెళ్ళి మెల్లగా తలుపు వేసింది. కుర్చీ చూపించింది. బల్ల మీద మంచినీళ్ళ బాటిలు, టిష్యూ పెట్టె సిద్ధంగానే ఉన్నాయి. పొద్దున దీపక్ కోసం పెట్టినవి కాబోలు.

"ముందు చెప్పండి ఆంటీ, ఎట్లుండారు?"

"నా సంగతి ఎందుకులే. ఏం తక్కువ చేసినాడని వాడికి ఆ గ్రేడు?"

"ఏమీ తక్కువ చెయ్యలేదాంటీ, చానా బాగా చేసినాడు. దీపక్ మీద మాకు కోపం లేదు. కర్వ్ అంతే."

"అట్లయితే వాడిని పిలిచిందెందుకు?"

నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పిన పంతులమ్మే పాఠం మరిచిపోతే పిల్లలకు ఇబ్బందే కదా.

"మీరే చెప్పినారు కదా ఆంటీ," అంది సమీనా, "మొదట్లోనే ఒకరిని తీసుకోమని."

ఆ గొంతులో ఎంత మర్యాద, ఎంత నిదానం. అది తన గొంతే. బదులు చెప్పబోయింది గానీ, ఇన్నేళ్ళుగా ఆమెకు వచ్చిన మాటలన్నీ ఎదుటి కుర్చీలోంచి అనేవి. ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏమంటారో ఆమె ఏనాడూ చెవిన పెట్టలేదు. సమీనా టిష్యూ పెట్టెను ఇటు జరిపింది. కాత్యాయని ఒకటి తీసుకుని, లేచి, "థాంక్యూ అమ్మా" అనేసి బయటికొచ్చింది.

దీపక్ మెట్ల మీంచి లేచాడు. ఏడ్చిన కళ్ళే గానీ, వాటిలో కొంచెం ఆశ కూడా ఉంది.

"మా, పోయేటప్పుడు వాళ్ళు టచ్‌లో ఉందామన్నారు. అంటే ఇంక లంచ్‌లో వాళ్ళ పక్కన కూర్చోవచ్చు కదా?"

ఆ మాట కాత్యాయని ఎందరితోనో అంది. వాళ్ళలో ఒక్కరి ఫోను కూడా ఆ తర్వాత ఎత్తలేదు.