మణికి రెండు చుక్కలు

మా కుక్క మణికి ఒక కన్ను పుట్టుకతోనే లేదు. ఉన్న ఒక్క కంటినీ పంతొమ్మిది వందల యాభై ఆరులో పక్కింటి పిల్లి గీరింది. మద్రాసు పురసవాక్కంలో మా వీధికి కొత్తగా వచ్చిన పశువుల డాక్టరు కోదండరాంగారు బెజవాడ మనిషి. ఆయన మణి కంట్లో ఏదో రంగు వేసి టార్చి పట్టారు. నల్లగుడ్డు మీద పెసరబద్దంత ఆకుపచ్చ మచ్చ వెలిగింది. రంగు పట్టినంత మేరా పైపొర లేచిపోయిందనీ, అది పూడకపోతే చూపు పోతుందనీ చెప్పారు. యాంటీబయోటిక్ చుక్కల సీసా ఇస్తూ, “మణికి రెండు చుక్కలు వెయ్యండమ్మా. వారం తర్వాత తీసుకురండి” అన్నారు. చీటీ మీద ఆయన కోడిగీతలు మాకు అంతుపట్టలేదు. చెప్పిన మాట చాలుననుకున్నాం.

నేను ఏ పని పట్టినా ఉడుంపట్టే. నేనూ మా ఆయనా వంతులు వేసుకుని రాత్రీ పగలూ గంట తప్పకుండా చుక్కలు వేశాం. సీసా అయిపోతే ఇంకోటి తెప్పించాను. నన్ను చూస్తేనే మణి మంచం కిందికి దూరేది. జాలేసినా వదల్లేదు.

వారం తర్వాత చూస్తే మచ్చ రవ్వంతైనా తగ్గలేదు. డాక్టరుగారి ముఖం వాడిపోయింది.

“చుక్కలు సరిగ్గా వేస్తున్నారా?”

“ఒక్క మణి కూడా తప్పలేదు సార్. మీరే కదా చెప్తిరి, మణికి రెండు చుక్కలని.”

“మణి అంటే మీ కుక్కే కదండీ?”

“ఈడ మణి అంటే గంట సార్.”

నాలుగు తరాలుగా మద్రాసులో ఉన్న మా తెలుగులో గంట ఎప్పుడో అరవంలోని మణి అయిపోయింది. ఆయన అన్నది కుక్క పేరని నాకే తట్టలేదు. నా చేతులతో నేనే దాని కన్ను పోగొట్టానా అనుకుంటూ మణిని దగ్గరికి లాక్కున్నాను.

“ఉదయం రెండు, సాయంత్రం రెండు అని రాశానమ్మా” అన్నారాయన మెల్లగా. “మందు క్రిముల్ని చంపుతుంది. గాయాన్ని పూడ్చేవి మాత్రం కంటి కణాలే. అంచున ఉన్నవి ఒకదాన్నొకటి పట్టుకుని జరుగుతూ వచ్చి ఖాళీని కప్పుతాయి. గంటగంటకీ మందు పోస్తే వాటికే అడ్డం. ఇప్పుడు క్రిముల జాడ లేదు. మందు ఆపేద్దాం. రోజూ ఒకసారి తీసుకురండి.”

నాకు నమ్మకం కలగలేదు. ఏమీ చెయ్యకుండా కూర్చోవడం నా ఒంటికి సరిపడదు. అయినా చేతులు కట్టుకున్నాను.

మర్నాడు మచ్చ నువ్వుగింజంత ఉంది. ఆ మర్నాడు ఆవగింజంత. మూడో రోజు రంగు వేసి, కడిగి, టార్చి పట్టారు. ఆకుపచ్చ ఎక్కడా నిలవలేదు.

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. మన చూపుకు ఆననంత చిన్న కణాలు, ఎవరూ దారి చూపకుండానే బయలుదేరి, చేరవలసిన చోటికి చేరి ఆగిపోయాయి.

“ఆడ ఖాళీ ఉందని వాటికి ఎట్లా తెలిసె సార్?”

“నాకూ తెలియదమ్మా” అన్నారు డాక్టరుగారు, టార్చి ఆర్పకుండా ఇంకా ఆ కంటినే చూస్తూ.

మణి తల ఎత్తి తిన్నగా నా ముఖంలోకి చూసింది. ఎవరికి దండం పెట్టాలో తోచక ఆ కంటికే పెట్టాను.