పాతర మీద ఆగిన బండి

1984 వేసవి. తాయారుకి తమ్ముడు పుట్టాడని కబురొస్తే, అమ్మమ్మ రామలక్ష్మమ్మ దాన్ని వెంటబెట్టుకుని విశాఖ వన్ టౌన్‌లోని ఆసుపత్రికి వచ్చింది. లిఫ్టు రెండో అంతస్తు దాటగానే కరెంటు పోయింది. లోపల కటిక చీకటి.

తాయారు తలుపు బాదింది. ఎవరూ పలకలేదు.

"అమ్మమ్మా, కరెంటు వచ్చేత్తాదా?"

"నాకు తెల్దు గుంటా."

"వచ్చేత్తాదని సెప్పొచ్చు కదా!"

రామలక్ష్మమ్మ లిఫ్టు గోడకి జారగిలబడి కూర్చుంది.

"జపానోడు ఇశాపట్నం మీద బాంబులేసినప్పుడు నాకు నీ వయసే. మా ఊరు బీమిలి అవతల. అమ్మ లేదు. ఇమానం మోతొస్తే సాలు, అయ్య నన్నూ తమ్ముడు ఎల్లారావునీ వాకిట్లో పాతర్లో దింపేసేవోడు."

"పాతరంటే?"

"వడ్లు దాసే గొయ్యి. మనిషి లోతుంటాది. పైన సెక్క మూత."

ఒకరోజు అలాగే దింపి, అయ్య ఎడ్లను తోలుకురావడానికి పొలానికి పరుగెత్తాడు. ఈలోగా పట్నం వదిలి పారిపోయి వస్తున్నవాళ్ల బండి వాకిట్లోకి వచ్చింది. చక్రం సరిగ్గా ఆ చెక్క మీద ఆగింది. పెట్టెలు దించే చప్పుడులో, పిల్లల ఏడుపుల్లో రామలక్ష్మమ్మ కేకలు ఎవరికీ వినపడలేదు.

"ఆడికి నాలుగేళ్లు. దాహం దాహం అని ఒకటే ఏడుపు. అదిగో అయ్యొచ్చేత్తన్నాడు, అదిగో నీళ్లు తెత్తన్నాడు అని సెప్తానే ఉన్నాను. కాసేపటికి ఆడు ఏడుపు మానేసాడు. అప్పుడు బయమేసింది సూడు!"

"సచ్చిపోయాడా?"

"లేదమ్మా. పొద్దుగూకేసరికి అయ్య సెదిరిన ఎడ్లని ఎతికి తోలుకొచ్చి బండి నెట్టించాడు. పైకి తీసాక ఆడు, తోడబుట్టిన అప్పనైనా, నా దగ్గరికి రాలేదు. 'అప్ప అబద్దాలాడతాది' అన్నాడు. సానా రోజులు నా సేతి ముద్ద తినలేదు."

తాయారు చీకట్లో తడుముకుంటూ ఆమె ఒళ్లో చేరింది.

"నీకిప్పుడూ బయంగా ఉందా?"

"ఉంది."

"నాకూను."

ఇద్దరూ చెప్పులు తీసి తలుపు మీద కొట్టసాగారు. చివరికి పైనుంచి ఎవరో "ఉండండి, వస్తన్నాం" అని కేకేశారు. అరగంట పట్టింది. పైన లిఫ్టు చక్రాన్ని చేత్తో తిప్పి, దాన్ని మెల్లగా రెండో అంతస్తుకి దించారు. రామలక్ష్మమ్మ బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. ఎవరో గ్లాసుతో నీళ్లిస్తే సగం తాగి, మిగతావి మనవరాలికి పట్టింది.

కరెంటొచ్చింది, లిఫ్టెక్కమన్నారు. ఆమె తల అడ్డంగా ఊపి, రైలింగు పట్టుకుని ఒక్కో మెట్టే ఎక్కడం మొదలుపెట్టింది.