దీపం పెట్టని ఇళ్లు

తుఫాను వెళ్లిన రెండో వేసవిలో కుసుమకు మూడు నెలల పని దొరికింది. కోనసీమలో కూలి చేసుకునేవాళ్లు ఎలాంటి ఇళ్లలో, ఎంత అద్దెకు ఉంటున్నారో రాసిపెట్టాలి. రాజోలులో గది రెండు వందలు, కొత్తపేటలో నూట ఎనభై, అమలాపురంలో మూడు వందలకు తక్కువ లేదు. కొబ్బరి పీచు షెడ్డులో ఆడకూలి రోజుకు ముప్ఫై అయిదు. అయినా ఆ షెడ్డులో కూర్చుని కుసుమ రాసుకున్న కాగితాల్లో పదకొండు కుటుంబాలు అమలాపురంలోనే, పెంకుటిళ్లలో, నెలకు ముప్ఫై రూపాయలకే ఉంటున్నాయి.

"సున్నా మర్చిపోయేరేమోనమ్మా," అన్నారు సర్వే చూసే కాశీవిశ్వనాథం గారు. "మా ఆవిడ పప్పులో ఉప్పు మర్చిపోయినట్టు."

కుసుమ నవ్వలేదు. ఇళ్ల లెక్క కోసం వీధులు తిరిగినవాళ్లు రాసిన జాబితాతో పోల్చి చూసింది. అందులోనూ అవే పదకొండు ఇంటి నంబర్లున్నాయి. ప్రతిదాని ఎదురుగా ఒకటే మాట: తాళం, ఎవరూ లేరు.

మర్నాడు పొద్దున్నే ఒక ఇంటికి వెళ్లింది. వీధి గుమ్మానికి అడ్డంగా ముళ్లకంప, తాళానికి సాలెగూడు. పెరట్లోంచి పొగ వస్తోంది. పక్క సందులోంచి వెళ్తే షెడ్డులో చూసిన బుల్లెమ్మ పొయ్యి ఊదుతోంది. నిండు చూలాలైన కూతురు రత్నమాల గోడకు చేరగిలబడి ఉంది.

"ముందు తలుపు తియ్యమండీ," అంది బుల్లెమ్మ. "ఈ ఇంటి పెద్దావిడ మంచి నక్షత్రంలో పోలేదంట. ఆరు నెలలు ఇల్లు వదిలేసేరు. దీపం పెట్టొద్దు, వీధి గుమ్మం తొక్కొద్దు అన్నేరండీ. అల్లవరంలో మా పాక గాలికి ఎగిరిపోయింది. మాకు నీడ ఉంటే చాలు."

"భయం వెయ్యదూ?"

"భయపడితే మూడొందలవుద్దండీ."

లోపల గది ఖాళీగా ఉంది. ఒక మూల మాత్రం చాప పరిచి ఉంది.

"పెద్దావిడ పోయిన చోటండీ. అక్కడ పడుకోడానికి ముందే అడగాలి. అడక్కపోతే తెల్లార్లూ ఆవిడే అడుగుద్ది, నా చోటేదీ అని."

కుసుమ ఫారంలో చివరి ప్రశ్నకు వచ్చింది. తర్వాత ఎక్కడికి వెళ్తారు?

"ఈ నెలాఖరుకి గడువైపోద్దండీ. దీనికి పురుడు దగ్గర పడింది. చెట్టు కింద పొయ్యలేను కదా." బుల్లెమ్మ కుసుమను ఎగాదిగా చూసింది. "మీ ఇంట్లో పెద్దోళ్లున్నారా అమ్మగారూ?"

"మా అత్తగారు. మంచాన ఉన్నారు." మాట నోరు దాటాక కుసుమ నాలుక కరుచుకుంది.

కుసుమ ఆ గడి ఖాళీగా వదిలి వచ్చేసింది.

నాలుగో రోజు మధ్యాహ్నం అత్తగారు పాపాయమ్మ గారు పోయారు. పురోహితుడు పంచాంగం తిప్పి, వేలు ఒకచోట ఆపి, కుసుమ భర్త వెంకటకృష్ణ వైపు చూశాడు.

"ధనిష్ఠ. ఆరు నెలలు ఇల్లు వదలాలండీ."

పెద్దకర్మ అయ్యాక సామాన్లు రిక్షా ఎక్కించారు. పాపాయమ్మ గారి మంచం దానం ఇచ్చేశారు. గదులన్నీ కడిగించారు. అది నెలలో ఆఖరి రోజు. పెరటి గడియ సరిచూద్దామని కుసుమ తలుపు తీసింది.

బావి గట్టు మీద బుల్లెమ్మ కూర్చుని ఉంది. చంకలో చాప, వెనక రత్నమాల. కుసుమ ఏ రోజూ వాళ్లకు తన ఇల్లు ఎక్కడో చెప్పలేదు.

"ముప్ఫై ఇస్తానండీ," అంది బుల్లెమ్మ.

కాదంటే ఆ పిల్ల ఎక్కడ కంటుంది? కుసుమ పక్కకు తప్పుకుంది.

బుల్లెమ్మ వంటిల్లు దాటింది, సావిడి దాటింది. నాలుగు గదుల్లో ఎటూ తడుముకోకుండా, తడి ఆరిన నేల మీద, పాపాయమ్మ గారి తల ఉండే కిటికీ మూలకే వెళ్లి చాప విప్పింది.

"ఇక్కడే కదండీ?" అని అడిగింది, గోడ వైపు తిరిగి.

బుల్లెమ్మ తల కొంచెం వంచి కాసేపు వింది.

"ఆయ్, అలాగేనండీ," అంది.