జవాబు కోసం ఆగే చీర

పొద్దున్నే మనవరాలిని కాళ్ళమీద బోర్లేసుకొని నూనె రుద్ది, ఉడుకునీళ్ళు పోసి, సాంబ్రాణి పొగ పట్టి, భద్రమ్మ కోడలి ఒళ్ళో కూర్చోబెట్టేది. పిల్ల మొగం వాకిలి వైపుండేది. తిరుమలగిరి సాలెవాడలో తల్లులందరూ బిడ్డల్ని అట్లాగే పెట్టుకుంటారు. బిడ్డ వచ్చేపోయేవాళ్ళను చూస్తుంటుంది, తల్లి చేతులు మగ్గానికి నూలు కండెలు చుడుతుంటాయి.

కోడలు ఆండాళు మాత్రం పిల్లను తనవైపు తిప్పుకునేది. ఆమె బతుకుదెరువుకు సోలాపురం పోయిన సాలోళ్ళ బిడ్డ, పుట్టిందీ పెరిగిందీ అక్కడే. పక్కింటి మరాఠీ ఆడవాళ్ళను చూసి ఆమె తల్లి నేర్చుకున్న పద్ధతే ఆమెకూ వచ్చింది. పసిపిల్లను మొగంలో మొగం పెట్టి పలకరించాలి, జవాబు కోసం ఆగాలి. అక్కడ మొగుడు దశరథ పనిచేసే మిల్లు మూతబడి, అతని వెంట ఈ ఊరొచ్చినా ఆ అలవాటు పోలేదు.

"ఆకలైందా మంజులతా? కాలేదా? మరెందుకలిగినవే?" అని ఆగేది. పిల్ల "ఊ" అనేది.

"ఆడిపిల్ల ఊ అంటే పలుకుతున్నవు," అనేది భద్రమ్మ. "రేపు అత్తగారింట్ల దానికి ఎవడు పలుకుతడే? ఇప్పటిసంది గిట్ల మరిగితే బతుకుతదా?"

ఆ మాటలో పిల్లమీద ప్రేమ కూడా ఉందని ఆండాళుకు తెలుసు. అందుకే ఎదురు చెప్పలేకపోయేది.

చిక్కంతా నూలుతో వచ్చింది. పిల్లతో ముచ్చటాడుతూ చుట్టిన కండెల్లోకి ఆ మాటలు ఎక్కాయి. దశరథ నేసిన చీరలు కట్టుకున్నవాళ్ళను పలకరించసాగాయి. నూలు రంగు పీలుస్తుంది, గంజి పీలుస్తుంది, మాట కూడా పీలుస్తుంది. వాడలో ఎవరూ ముక్కున వేలేసుకోలేదు.

సావుకారి లక్ష్మీనర్సయ్య చీరల మూట తెచ్చి అరుగుమీద పడేశాడు.

"ఏం చీరలు భద్రమ్మా గివి? ఆడోళ్ళు పొయ్యికాడ కూసోని చీరతోని ముచ్చట పెడుతున్నరు. మొగోళ్ళకు బువ్వ లేదు. తెచ్చి నా మొకాన కొడుతున్నరు. ఇగ మీకు నూలియ్య, పో!"

నూలు రాకపోతే మగ్గం ఆడదు. భద్రమ్మ అక్కడికక్కడే తేల్చేసింది.

"కోడల్ని తల్లిగారింటికి తోలు కొడకా. పిల్ల ఈడనే ఉంటది. మేకపాలు పట్టి నేను సాకుత."

"నువ్వన్న చెప్పరాదు?" అంది ఆండాళు మొగుడితో.

"అవ్వ చెప్పినంక నేనేం జెప్తనే," అన్నాడు దశరథ మగ్గంలో అటూ ఇటూ ఆడే నాడె మీద నుంచి చూపు తియ్యకుండా. కన్నతల్లి మొగంలోకే ఏనాడూ చూసి ఎరగనివాడు, పెళ్ళాం మొగం ఏం చూస్తాడు?

మర్నాడు పొద్దున బస్సు. ఆండాళు మూట పట్టుకొని వాకిట్లో నిలబడింది. రొమ్ములు సలుపుతున్నాయి. తిరిగొచ్చిన చీరల్లో ఒకటి చుట్టుకొని, పిల్లను చంకనేసుకొని, భద్రమ్మ కోడల్ని సాగనంపడానికి గడప దాటింది.

చీర అడిగింది: "ఏమైందే నా తల్లీ? మొగం గట్ల పెట్టినవు? ఎవ్వరన్న ఏమన్న అన్నరా?"

అడిగి, ఆగింది.

భద్రమ్మ కోడలి వైపు చూసింది. ఆండాళు పెదవులు కదల్లేదు. చీర ఇంకా ఆగే ఉంది. పెళ్ళయిన నాటినుంచి భద్రమ్మను ఆ మాట అడిగినవాళ్ళు లేరు. అడిగి, చెప్పేదాకా ఆగినవాళ్ళు అసలే లేరు.

"అన్నరు," అంది భద్రమ్మ. "శానా అన్నరు."

అరుగుమీద కూలబడింది. "తొమ్మిదేండ్లకు నాకు లగ్గం జేసిన్రు. మా అవ్వ యాదికొచ్చి ఏడిస్తే, మా అత్త చెంబు విసిరికొట్టింది..."

"అట్లనా?" అంది చీర. "ఇంకేమాయె?"

భద్రమ్మ రెండు చేతులూ కొంగును గుప్పిట బిగించాయి. జారుతున్న పిల్లను ఆండాళు అందుకొని పాలకు వేసుకుంది. అత్త అడ్డు చెప్పలేదు, అసలు చూడనే లేదు. ఇంట్లో మగ్గం చప్పుడు ఆగిపోయింది.

బస్సు వచ్చింది, హారను కొట్టి కొట్టి పోయింది. రేపు నూలు ఎవరిస్తారో ఎవరికీ తెలియదు. భద్రమ్మ చెబుతూనే ఉంది. ఆమె కథలో ఆమెకింకా పదకొండేళ్ళే.